ఆరు కిలోల బంగారం

శంకరవ్వకు డెబ్బై ఏళ్ళు. నోట్లో ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి. ఒక్కటి కదలలేదు, ఒక్కటి పుచ్చలేదు. ఆ పళ్ళను నేను మొదటిసారి చూసింది ఆమె ఏడుస్తున్నప్పుడు. ఏడ్చే మనిషిని ఓదార్చకుండా పళ్ళు లెక్కపెట్టడమేమిటని మీకు అనిపించవచ్చు. ఏం చేయను, ఉద్యోగం అలాంటిది. కరీంనగర్‌లో ఒక పిల్లల ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా డైటీషియన్‌ని. డాక్టర్లు మందులన్నీ రాసేశాక చివర్న "ఆహారం గురించి తిరుమల మేడంను కలవండి" అని ఒక ముక్క గీకి పంపిస్తారు. ఆ తిరుమలను నేనే. నా గదికి వచ్చేసరికి సగం మందికి బస్సు టైమైపోతుంది. అందుకే నాకు కోపం కొంచెం ఎక్కువ.

శంకరవ్వ మనవరాలు కావ్యకు అప్పుడు ఏడో నెల. వాళ్ళది సుల్తానాబాద్. ఆ పిల్ల మా వార్డుకు రావడం నెల రోజుల్లో అది మూడోసారి. ఆరు నెలలు తల్లిపాల మీద గుండ్రాయిలా పెరిగిన పిల్ల, అన్నం ముట్టించిన వారానికే పడిపోయింది. ఉన్నట్టుండి వాంతి చేసుకుంటుంది. ఒళ్ళంతా చెమట పట్టి, చేతులూ కాళ్ళూ చల్లబడి, మెడ వాల్చేస్తుంది. కళ్ళు పచ్చబడ్డాయి, కాలేయం వాచి పొట్ట ముందుకొచ్చింది. మా దగ్గర గ్లూకోజ్ ఎక్కించి తల్లిపాలు పట్టిస్తే మూడో రోజుకు నవ్వుతుంది. ఇంటికి పంపిస్తే వారం తిరక్కుండా మళ్ళీ అదే చెమట, అదే వాలిన మెడ. చేసిన పరీక్షల్లో ఏమీ తేలలేదు.

వార్డులో ఇరవై ఏళ్ళుగా ఉన్న నర్సు అనసూర్య నన్ను పక్కకు పిలిచింది.

"ఇంట్ల ఏదో ఉన్నది మేడం. ఈడున్నన్ని రోజులు మంచిగుంటది, ఆ గడప తొక్కంగనే పడ్తది. మూడుసార్లు గూడ పొద్దూకినంక దీపం పెట్టే యాళ్ళకే పడ్డదట."

చదువుకున్న దానివి, ఇవేం మాటలని ఆమెను కసిరాను. కానీ కేస్ షీట్లు నేనూ చూశాను. మూడుసార్లూ సాయంత్రం ఆరున్నరకూ ఏడుకూ మధ్యనే.

ఇంకొకటి కూడా గమనించాను. శంకరవ్వ పిల్లను ముట్టదు. మంచానికి నాలుగడుగుల దూరంలో, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడుతుంది. ఒకసారి పిల్ల తల్లి జమున బాత్రూమ్‌కు వెళ్ళాలని, "జర పట్టు అత్తా" అని పిల్లను అందించబోయింది. శంకరవ్వ వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. జమున చేసేది లేక పక్క మంచం ఆవిడకు, ఊరూ పేరూ తెలియని మనిషికి, పిల్లను ఇచ్చి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏందవ్వా, సొంత మనవరాలే గదా, పట్టుకుంటే నీ సొమ్మేమన్న పోతదా?"

అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, నోరు తెరిచి ఏడ్చింది. అప్పుడే ఆ పళ్ళు చూశాను. పల్లెల్లో ఆ వయసు వాళ్ళ నోట్లో నాలుగు పళ్ళుంటే గొప్ప. నా కోపం కాస్తా అక్కడే ఆగిపోయింది.

"నువ్వు తీపి తినవా అవ్వా?"

ఏడుపు ఆపి, తన రహస్యం నాకెవరు చెప్పారన్నట్టు చూసింది.

"నాకు పడది బిడ్డా. నోట్లె పెడితె కడుపుల దేవుతది, పానం తేలిపోతది. పండ్లు గూడ పడయి. చిన్నప్పటి సంది గంతే. నా సంగతి నీకెందుకు, ఆ పొల్లను చూడు."

ఆమె సంగతి నాకెందుకో చెప్పకుండానే అరగంట కూర్చోబెట్టి అన్నీ అడిగాను. మా వైపు సమ్మక్క సారలమ్మలకు మొక్కే బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. రెండేళ్ళకోసారి జాతర వస్తే మనిషి ఎత్తు తూచి మరీ మొక్కు చెల్లిస్తారు. శంకరవ్వకు ఆరేళ్ళప్పుడు జాతరలో, అమ్మవార్లు కొలువుండే గద్దెల ముందు, వాళ్ళ అవ్వ ఆమె నోట్లో ప్రసాదం పెట్టింది. పిల్ల అక్కడికక్కడే కక్కి, కళ్ళు తేలేసి పడిపోయింది. అమ్మవార్లు ఈ పిల్ల నోటిని ఒప్పుకోలేదని ఒక ముసలమ్మ అన్నదట. ఆ ఒక్క మాట పట్టుకుని ఊరు ఊరంతా ఆమెను "బంగారం కక్కిన పిల్ల" అన్నారు. పదహారేళ్ళకు మేనమామ రాయమల్లుకే ఇచ్చి పెళ్ళి చేశారు. ఆయన రైస్ మిల్లులో హమాలీ. బయటివాళ్ళెవరూ ఆ పిల్లను అడగలేదని, మామే ముందుకొచ్చాడని ఆమె చెప్పింది. మంచివాడు, ఒక్క మాట కూడా అనేవాడు కాదట. నాలుగేళ్ళ క్రితం పోయాడు.

"మొదాలు కొడుకు. ఏడో నెలల పోయిండు. ఎన్కనే బిడ్డ, లక్ష్మి. అదీ ఏడో నెలనే. గిట్లనే చెమటలు, గిట్లనే సల్లవడుడు. ఇద్దరు గూడ నా ఒళ్ళెనే పోయిండ్రు. నా చేతులు మంచియి గావు బిడ్డా."

మూడోవాడు సంపత్ పుట్టినప్పుడు ఆమె ఒక ఒట్టు పెట్టుకుంది. పాలు మాత్రం ఇస్తుంది, తన చేత్తో ఒక్క ముద్ద కూడా పెట్టదు. అత్త పెట్టింది, తోటికోడళ్ళు పెట్టారు. సంపత్ పిడికెళ్ళకొద్దీ బంగారం తిని, చక్కగా బతికాడు. ఇప్పుడు దుబాయిలో క్రేన్ నడుపుతున్నాడు. దాంతో తన చేతులదే తప్పని ఆమెకు రుజువు దొరికినట్టయింది. నలభై ఏళ్ళు ఆ రుజువుతోనే బతికింది. మనవరాలు పుట్టిన రోజే చాపా దుప్పటీ తీసుకుని ఎదురింటి చంద్రవ్వ అరుగు మీదికి మకాం మార్చింది. తాను అంత దూరం జరిగినా పిల్లకు అదే జరుగుతోందంటే ఇక తన నీడ కూడా మంచిది కాదేమోనని, ఎండలో నడిచేటప్పుడు ఆ నీడ తొట్టెల మీద పడకుండా చూసుకుంటోందట.

నేను లేచి డాక్టరమ్మ గదికి పరుగెత్తాను. "మేడం, నానమ్మకు చిన్నప్పటి నుంచి తీపి, పండు పడదు. డెబ్బై ఏళ్ళకు ఒక్క పన్ను పుచ్చలేదు. ఆమెది మేనరికం, కొడుకుదీ మేనరికమే. ఇద్దరు పిల్లలు ఏడో నెలలో పోయారు." ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. ఆ రోజే పిల్ల నెత్తురు, తల్లి నెత్తురు, నేను పట్టుబట్టగా శంకరవ్వ నెత్తురు జన్యు పరీక్షకు హైదరాబాద్ పంపాము.

విషయం ఇంత. బెల్లంలో, చక్కెరలో, తేనెలో, పండ్లలో ఒక రకం తీపి ఉంటుంది. దాన్ని అరిగించుకోవడానికి కాలేయంలో ఒక సరుకు తయారవ్వాలి. ఆ సరుకు తయారీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు జన్యువుల చేతిలో ఉంటుంది. ఒకటి చెడినా ఏమీ కాదు, రెండోది పని నడిపిస్తుంది. రెండూ చెడితే ఆ తీపి విషమే. తల్లిపాలు తాగినన్నాళ్ళు ఏమీ తెలియదు, ఆరో నెలలో పై తిండి మొదలవగానే బయటపడుతుంది. దానికి మందు లేదు. ఆ తీపి నోట్లోకి పోకుండా చూడడమే మందు. పరీక్ష నాలుగు వారాలకు వస్తుంది, పథ్యం ఈ పూట నుంచే మొదలవ్వాలి. డాక్టర్ల చేతిలోంచి జారి నా చేతిలో పడ్డ జబ్బు అది. నిజం చెప్పాలంటే లోలోపల గర్వపడ్డాను కూడా.

మూడు కాగితాలు రాసిచ్చాను. అన్నం, పెసరపప్పు, పాలు, ఆలుగడ్డ, పాలకూర, గుడ్డు పెట్టొచ్చు. బెల్లం, చక్కెర, తేనె, ఏ పండైనా, క్యారెట్, చిలగడదుంప వద్దు. అంగన్‌వాడీ పిండిలో చక్కెర కలుస్తుంది కాబట్టి అదీ వద్దు. జ్వరం సిరప్ కూడా తీపిదే, నన్ను అడగకుండా పోయొద్దు. పండ్లు లేవు కాబట్టి విటమిన్ సి చుక్కలు, అవీ చక్కెర లేనివి. జమున అన్నీ శ్రద్ధగా విని ఒకటే అడిగింది.

"మరి మీరు ఎక్కిచ్చే గ్లూకోజ్ తీపి గాదా మేడం?"

మంచి ప్రశ్న. అది వేరే తీపి, ఆ పిల్లకు అరుగుతుంది, పడిపోయినప్పుడు పానం నిలబెట్టేది కూడా అదేనని చెప్పాను. ఒక డబ్బా గ్లూకోజ్ పొడి ఇంట్లో పెట్టుకోమని ఇచ్చి పంపాను.

తొమ్మిదో రోజు కావ్యను మళ్ళీ తెచ్చారు. మెడ వాలిపోయి ఉంది, పెదవులు తెల్లబడ్డాయి. ఆటోలో సుల్తానాబాద్ నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది.

"ఏం పెట్టిండ్రు?" అని వార్డు దద్దరిల్లేలా అరిచాను.

"ఏం పెట్టలే మేడం. మీరు రాసిన కాయితం గోడకు అంటిచ్చిన. ఇంట్ల చక్కెర గూడ లేదు, చాయ్ గూడ ఉప్పేసుకోని తాగుతున్నం" అని జమున వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. పదకొండేళ్ళలో నాకు వచ్చిన విద్య అదొక్కటే, తిండి గురించి అబద్ధమాడేవాళ్ళు తెలిసిపోతారు.

గ్లూకోజ్ ఎక్కుతుండగా శంకరవ్వ నా వెనక వచ్చి నిలబడింది. చేతులు కొంగులోనే ఉన్నాయి.

"చెప్తె తిడ్తవేమో బిడ్డా. దీపం పెట్టంగనే ఇంట్ల బెల్లం వాసన వస్తది. ఇంట్ల పిసరంత బెల్లం లేదు. నేనే ఊడ్చి పారబోసిన. అయినా వస్తది. నేను చంద్రవ్వ అరుగు మీద కూసున్నా నాకు కొడ్తది. వాసన వచ్చిన జర్ర సేపటికి పొల్ల సల్లవడ్తది." కాస్త ఆగి, "నా పిల్లలు పోయిన నాడు గూడ గదే వాసన" అన్నది.

నేను ఏ దేవుణ్ణీ దయ్యాన్నీ పెద్దగా పట్టించుకునే మనిషిని కాను. అనసూర్య సూది సర్దడం ఆపి నా ముఖం వైపు చూసింది. అయినా ఈసారి ఆమెను కసరలేదు.

పిల్ల కోలుకుని ఇంటికి వెళ్ళిన మొదటి ఆదివారం నేను బస్సెక్కాను. పిలవకుండా రోగి ఇంటికి వెళ్ళడం మా పనిలో లేదు. చెప్పకుండా వెళ్ళాను. రైస్ మిల్లు వెనక గల్లీలో రెండు గదుల రేకుల ఇల్లు అది. నేల మీద, గోడల మీద, చివరికి చెట్ల ఆకుల మీద కూడా సన్నటి ఊక దుమ్ము. జాతరకు ఇంకా మూడు వారాలుంది, అప్పటికే కిరాణా కొట్ల ముందు బెల్లం దిమ్మలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఇంట్లో మాత్రం వంటగది మూల మూలా వెతికాను. డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూశాను. ఏమీ లేదు. గోడ మీద నా మూడు కాగితాలు వరుసగా ఉన్నాయి. శంకరవ్వ ఎదురు అరుగు మీద నుంచి నన్నే చూస్తోంది.

పొద్దు గుంకింది. మిల్లు ఆగింది. గల్లీలో ఒక్కసారిగా చప్పుడు లేకుండా పోయింది. జమున కాళ్ళు కడుక్కుని వచ్చి దీపం ముట్టించింది. నేను తొట్టెల పక్కన పీట మీద కూర్చున్నాను. ముందు ఊక వాసన, దీపం నూనె వాసన తగిలాయి. తర్వాత, ఎక్కడి నుంచో, సన్నగా, నిజంగానే బెల్లం వాసన వచ్చింది. కావ్య నిద్రలోనే నాలుక చప్పరించడం మొదలుపెట్టింది, ఏదో రాబోతోందని ముందే తెలిసినట్టు. అరుగు మీద శంకరవ్వ లేచి నిలబడింది.

జమున వచ్చి తొట్టెల మీదికి వంగింది. పిల్ల తల కింది బట్టల మూటలోంచి చిన్న ఇత్తడి భరిణె తీసింది. మూత తిప్పి, వేలితో ఇంత తీసి, కళ్ళు మూసుకుని దండం పెట్టి, ఆ వేలు పిల్ల నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "ఏందది?"

"అమ్మ బంగారం మేడం" అంది జమున బెదిరిపోయి. "చంద్రవ్వ ఇచ్చింది, పోయిన జాతరల గద్దెల మీదిది. పిల్లకు అన్నం ముట్టిచ్చిన నాటి సంది దీపం పెట్టినంక రోజు పెడ్తున్న. మొన్న పడ్డనాడు జర ఎక్కువ పెట్టిన."

"నేను అన్నిసార్లు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"మీరు తిండి సంగతి గద అడిగిండ్రు. గిది తిండి గాదు గద మేడం."

ఆమెను తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. నా ఫారంలో పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా గంటగంటకూ గడులున్నాయి. ప్రసాదానికి గడి లేదు. పదకొండేళ్ళుగా అమ్మా ఏం తిన్నారు, ఏం తాగారు అని అడుగుతున్నాను. కళ్ళకద్దుకుని నాలుక మీద వేసుకున్నదాన్ని ఈ జిల్లాలో ఎవరూ తినడం అనరని, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. తొమ్మిదో రోజు ఆ పిల్ల మెడ వాల్చిందంటే అందులో నా తప్పు కూడా ఉంది.

గుమ్మంలో అలికిడైంది. శంకరవ్వ ఎప్పుడొచ్చిందో వచ్చింది. ఆమె చూపు భరిణె మీద ఉంది.

"నేను చెంచతోటి పోసిన" అన్నది మెల్లగా. "పిల్లగాడు పడ్డడని మా అవ్వ బంగారం తెచ్చిచ్చింది. నీళ్ళల్ల కలిపి గంటకోసారి పోసిన. కక్కితె మల్ల పోసిన. లక్ష్మికి గూడ గంతే." ఇంకా ఏదో అనబోయి, "మరి సంపత్ గాడు?" అని ఆగింది. "వాడు గూడ తిన్నడు గద. వాడెట్ల బతికిండు?"

రిపోర్టు రానీ అవ్వా, చెప్తాను అన్నాను. తెలిసి కూడా చెప్పలేకపోయాను. భరిణె మాత్రం నా బ్యాగులో వేసుకుని వచ్చేశాను. ఆ రోజు నుంచి దీపం వేళ ఆ ఇంట్లో వాసన రాలేదు, పిల్ల పడలేదు.

ఆ ఆదివారం తర్వాత పన్నెండు రోజులకు రిపోర్టు వచ్చింది. కావ్యకు రెండు జన్యువులూ చెడ్డవే. జమునకు ఒకటి. శంకరవ్వకు రెండూ. నా గదిలో కూర్చోబెట్టి, కాగితం మీద గీతలు గీసి చెప్పాను. పోయిన ఇద్దరికీ ఈమె నుంచి ఒకటి, రాయమల్లు మామ నుంచి ఒకటి చెడ్డవే వచ్చి ఉంటాయి. సంపత్‌కు ఈమె నుంచి చెడ్డది వచ్చినా మామ నుంచి మంచిది వచ్చింది. అందుకే బంగారం తిని బతికాడు. ఎవరి చేత్తో తిన్నా బతికేవాడు.

శంకరవ్వ ఆ గీతలను చాలాసేపు చూసింది.

"అయితె నా చెయ్యి గాదు."

"కాదవ్వా."

"చెయ్యిల ఉన్న బంగారం."

నేను పెన్ను మూత పెట్టాను.

"చెయ్యి అయితె నాదే గద బిడ్డా" అని లేచి వెళ్ళిపోయింది. మనవరాలిని అప్పుడు కూడా ముట్టలేదు. ఆ రిపోర్టు వల్ల ఆమెకు మేలే జరుగుతుందని నేను అనుకున్నాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు.

మిగిలింది మొక్కు. కావ్య మొదటిసారి పడినప్పుడే సంపత్ దుబాయి నుంచి ఫోన్లో మొక్కుకున్నాడు, బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానని. జమున భయపడుతూ అడిగింది. తూచుకోండి, గద్దెలకు ఇచ్చుకోండి, దాంతో నాకేం పేచీ లేదు, పిల్ల నోటికి మాత్రం తగలకూడదు అన్నాను. కానీ గల్లీలో ఎందరి వేళ్ళని ఆపగలదు జమున? అందుకే మొక్కు రోజు గ్లూకోజ్ డబ్బా పట్టుకుని నేనూ వెళ్ళాను, భక్తితో కాదు, కాపలాకు.

పర్శరాములు కిరాణా కొట్టు ముందు కాంటా వేలాడదీశారు. డప్పులు మోగుతున్నాయి. జమున ఫోన్ ఎత్తి పట్టుకుంటే తెర మీద సంపత్ పసుపు హెల్మెట్‌తో చూస్తున్నాడు. ఒక పళ్ళెంలో కావ్య, ఒక పళ్ళెంలో బెల్లం. ఆరు కిలోల దగ్గర ముల్లు నిలబడింది. ఈ తంతులన్నిటికీ పెద్ద దిక్కు చంద్రవ్వ. ఆమె ఇంత బంగారం తుంచి, "అమ్మ పేరు చెప్పి బిడ్డ పెదవికి తాకిస్త" అని ముందుకొచ్చింది. వద్దని జమున అంది. వద్దని నేనూ అన్నాను. "పెదవికే గద, గింతదానికి ఏమైతది? అమ్మ దగ్గర గూడ డాక్టర్ల మాటేనా?" అని చుట్టూ ఆడవాళ్ళు నన్ను పక్కకు నెట్టేశారు. ఆ వేలు పిల్ల నోటికి జానెడు దూరంలో ఉంది.

శంకరవ్వ చెయ్యి కొంగులోంచి బయటికొచ్చింది. చంద్రవ్వ వేళ్ళ మధ్యనున్న ముక్కను లాక్కుంది. అది చాలనట్టు పళ్ళెంలోంచి ఇంకా పెద్ద ముక్క విరిచింది. అరవై నాలుగేళ్ళ తర్వాత బంగారం నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. డప్పులు ఆగిపోయాయి.

ఆమె కాంటా కింద కూర్చుంది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత కక్కడం మొదలైంది. నుదుటి మీద, మెడ మీద చెమట ధారలు కట్టింది. చేతులు వణికాయి, తర్వాత ఒళ్ళంతా వణికింది, తల అటూ ఇటూ ఊగసాగింది, జుట్టు విడిపోయింది.

"అమ్మ ఒంటి మీదికి వచ్చింది" అన్నారెవరో.

అంతే, గల్లీ మొత్తం సాగిలపడింది. డప్పులు మళ్ళీ అందుకున్నాయి. పసుపు నీళ్ళు తెచ్చి ఆమె మీద గుమ్మరించారు. చంద్రవ్వ చేతులు జోడించి, "ఏం కావాలె తల్లీ, ఏం తక్కువ చేసినం?" అంటూ, తల్లిని శాంతపరచడానికి ఇంకో ముక్క బంగారం ఆమె నోటికి అందించింది. శంకరవ్వ పళ్ళు బిగించింది. ఆ ముప్పై రెండు పళ్ళ మీద బెల్లం నలిగి, చుబుకం మీదికి కారింది. నలభై ఏళ్ళ కిందట ఒక చెంచా కూడా ఇలాగే పసినోళ్ళకు ఆగకుండా అందింది కదా అని నాకు అప్పుడు అర్థమైంది. నేను ఆడవాళ్ళ వీపుల మీద గుద్దుతూ లోపలికి దూరాను.

శంకరవ్వ కళ్ళు తెరిచింది. ఎవరినీ చూడడం లేదు. ఆ గొంతు ఆమెదే అంటే నేను నమ్మలేను.

"నా బంగారం బిడ్డ నోట్లె పెట్టకుండ్రి. ఆ బిడ్డ నాది. ఎవ్వలు పెట్టినా ఊకోను."

అని పక్కకు ఒరిగింది. గ్లూకోజ్ పొడి తడిపి ఆమె చెంప లోపల రాశాను. ఆటో ఎక్కించి సుల్తానాబాద్‌లోనే ఒక నర్సింగ్ హోంకు చేర్చి గ్లూకోజ్ సీసా పెట్టించాను. ఆటో కదులుతుండగానే వెనక గల్లీలో చంద్రవ్వ అందరికీ గట్టిగా చెప్పడం వినిపించింది, అమ్మ మాట విన్నారు కదా, ఇకమీదట ఆ పొల్ల నోటికి ఎవరైనా తీపి తాకిస్తే ఊరుకోనని. నా మూడు కాగితాలు చేయలేని పని ఆ మూడు మాటలు చేశాయి. అది నాటకమా, నెత్తుట్లో చక్కెర పడిపోయి అన్న మాటా, మరేదైనానా అని నన్ను అడగకండి. నేనూ ఆమెను అడగలేదు.

మధ్యాహ్నానికి శంకరవ్వకు తెలివి వచ్చింది. రావడమే ఆలస్యం, తిట్లు లంకించుకున్నాను.

"సచ్చిపోతుంటివి. తెలిసి తెలిసి అంత ముక్క ఎందుకు తిన్నవవ్వా? వాళ్ళకు చూపిద్దామనా?"

"వాళ్ళకు గాదు బిడ్డా." కళ్ళు మూసుకునే చెప్పింది. "నా పిల్లలకు ఎట్లుండెనో తెల్సుకుందామని. వాళ్ళకు నోరు లేకపాయె చెప్పనీకి."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, ఏడుపు ఆగేదాకా రోడ్డు చూశాను.

సాయంత్రం సూది తీశారు. జమున పిల్లను ఎత్తుకుని వచ్చింది. కావ్య నానమ్మను చూసి రెండు చేతులూ చాపింది. శంకరవ్వ చేతులు దుప్పట్లోంచి బయటికొచ్చి, సగం దూరంలో ఆగాయి. నా వైపు చూసింది.

"ఎత్తుకుందునా?"

ఆ వేళ్ళ మీద, గోళ్ళ సందుల్లో, పొద్దుటి బెల్లం ఇంకా అంటుకునే ఉంది.

"ముందు చేతులు కడుక్కో అవ్వా" అన్నాను.

మూలనున్న నల్లా దగ్గరికి గోడ పట్టుకుని నడిచింది. సబ్బు రుద్ది కడిగింది. మళ్ళీ రుద్దింది. ఒక్కో వేలూ, ఒక్కో గోరూ కడిగింది. బెల్లం ఎప్పుడో పోయింది. నీళ్ళు ధారగా పోతున్నాయి, ఆమె ఇంకా కడుగుతూనే ఉంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏమంటోందోనని దగ్గరికి వెళితే, లక్ష్మీ, లక్ష్మీ అని వినిపించింది. చాలవ్వా, పోయింది అని చెప్పాల్సినదాన్ని నేనే. చివరికి జమున వెళ్ళి నల్లా కట్టేసి, ఆ తడి చేతుల్లోనే పిల్లను పెట్టింది.